కొండగోరువంకల గూళ్లు

టెక్కలి చేరువనున్న తేలినీలాపురమున గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను గ్రామస్థులు తరతరములుగా కాపాడుచున్న సంగతి పాఠకులెరిగినదే. వానిని సైబీరియా పక్షులనుట వాడుక. నిజమునకవి మన దేశపు పక్షులే. మైదానపు పక్షులకు దొరకిన యీ యాదరణము మన్యపు పక్షులకు దొరకుట లేదు.

ఉత్తరాంధ్ర మన్యమునను, ఒడిసా, బస్తరు కొండలలోను నివసించు కొండగోరువంకను చూడుడు. మనుష్యుని పలుకుల ననుకరించు నేర్పే దానికి శత్రువైనది. పంజరములకై పిల్లలను గూళ్లనుండియే యెత్తుకొనిపోవుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని పట్టుటను నిషేధించినది.

కాని చట్టమొక్కటియే చాలదు. ఈ పక్షి ముసలి చెట్ల తొర్రలలో గ్రుడ్లు పెట్టును. అడవి నరికి జీడితోట వేసిన కొండ దూరమునకు పచ్చగానే కనబడును. తొర్ర గల మహావృక్షము మాత్రమందుండదు. పచ్చదనపు లెక్కలతో తృప్తిపడువారీ భేదమును గమనింపరు.

సీతంపేట ప్రాంతపు సవరలకు, జాతాపులకు జీడితోట జీవనాధారము. దానిని తీసివేయుడని పట్టణమున కూర్చుండి మేము చెప్పజాలము. మిగిలిన పెద్దచెట్లను నిలుపవలెననియే మా కోరిక. వన్యప్రాణులను, అడవులను కాపాడు నధికారమును 2006 నాటి అటవీహక్కుల చట్టపు 5వ సెక్షను గ్రామసభలకిచ్చియే యున్నది. నరకగూడని చెట్లేవియో ఆ సభలే నిర్ణయింపవలెను. కావలివారికి ప్రభుత్వము కూలి నియ్యవలెను. వేసవి గోరువంకలు పిల్లలను చేయు కాలము గనుక నీ యేర్పాటు అంతకుముందే జరుగవలెను.