చుక్కలు పెట్టే పిల్ల

సంక్రాంతి నెలలో ఒకే వాకిట్లో ముగ్గురు పిల్లలు ముగ్గేస్తుంటే కాసేపు నిలబడి చూడండి. ఒకమ్మాయి పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేదాకా అని లెక్కగట్టి పెడుతుంది. ఒక్క చుక్క పక్కకి జరిగినా చెరిపి మళ్ళీ పెడుతుంది. ఇంకో అమ్మాయికి చుక్కల గొడవ పట్టదు. రంగుల దగ్గర కూర్చుని ఏది దేంట్లో కలిపితే ఏమవుతుందో చూసుకుంటూ ఉంటుంది. మూడో పిల్ల ముగ్గుపిండే ముట్టదు. పేడ ఎవరు తేవాలో, గొబ్బెమ్మలకి గుమ్మడిపూలు ఎవరింటి పాదు నుంచి కోయాలో వీధి పిల్లలందరికీ పనులు పురమాయిస్తుంది. పెద్దవాళ్ళనడిగితే ముగ్గురికీ ముగ్గులంటే ప్రాణం అంటారు. కానీ ఒకరి ఇష్టం లెక్క, ఒకరిది రంగు, ఒకరిది నలుగురినీ కూడగట్టడం.

చిన్నప్పుడు ఇష్టంగా చేసిన పనే నీ దారి చూపిస్తుందని చాలామంది సలహా చెబుతారు. నేనూ నమ్ముతాను. అయితే పని పేరు చూసి ఊరుకుంటే లాభం లేదు. ఆ పనిలో ఏ ముక్క దగ్గర పిల్లల మనసు నిలిచిపోయిందో, ఎవరూ చెప్పకుండా దేన్ని మళ్ళీ మళ్ళీ చేశారో అది పట్టుకోవాలి.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీనే తీసుకోండి. బొంబాయిలో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగిన ఈ పిల్లవాడికి ఎయిర్‌గన్‌తో పిచ్చుకల్ని కొట్టడం ఆట. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట అని మామను అడిగాడు. ఆయనకీ తెలియక బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, సొసైటీ దాచిన పిట్టల్ని చూపించి, పుస్తకాలు ఇచ్చాడు. అది 1908. ఆట పేరు చూసినవాళ్ళు పిల్లవాడికి వేటంటే ఇష్టమనే అనుకుంటారు. అసలు ఇష్టం ‘ఇదేం పిట్ట’ అన్న ప్రశ్నలో ఉంది.

ఆ ఇష్టం వెంటనే అన్నం పెట్టలేదు, ఇది కూడా చెప్పుకోవాలి. బర్మా వెళ్ళి కుటుంబ వ్యాపారం చూశాడు, అది కలిసిరాలేదు. మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. జర్మనీలో చదువుకుని 1930లో తిరిగొచ్చేసరికి డబ్బుల్లేవని ఆ ఉద్యోగమూ తీసేశారు. చేతిలో పనిలేని ఆ రోజుల్లోనే కిహిం ఊళ్ళో గిజిగాళ్ళు గూళ్ళు ఎలా అల్లుకుంటాయో, ఎలా జతకడతాయో పరిశీలించి రాశాడు. పేరు తెచ్చిన పని అదే. ఆ వెంటనే 1931, 32లలో మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు.

నన్ను ఈ కథలో ఎక్కువగా కదిలించేది మిల్లార్డ్. ఓ పిల్లవాడు చచ్చిన పిట్టను పట్టుకొస్తే విసుక్కోకుండా కూర్చోబెట్టుకున్నాడు. మనకూ అలాంటివారు ఉండేవారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రిక మొదలుపెట్టి పిల్లల రాతల్ని, గీతల్ని అచ్చువేశారు. చిత్రకారుడు బాపు, రచయిత ముళ్ళపూడి వెంకటరమణల పసితనపు పనులు వెలుగు చూసింది అందులోనే. బాపు ఆ తర్వాత లా చదివారు. చెయ్యి మాత్రం కుంచెను వదల్లేదు.

ఈనాటి పిల్లలకి మనసు నిలిచే ఆ ముక్క దొరకడమే కష్టమవుతోంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ట్యూషన్, ఆదివారం పరీక్ష. కాస్త బొమ్మలు వేస్తే వెంటనే క్లాసులో చేర్చి పోటీలకి పంపుతారు. అప్పుడు పిల్లవాడు ప్రైజు వచ్చే బొమ్మే వేస్తాడు. అతనికి నిజంగా నచ్చింది గీతా, రంగా, లేక బొమ్మ వెనకున్న కథా అన్నది ఇక అతనికీ తెలియదు. పదో తరగతి అయ్యాక ఎంపీసీనా, బైపీసీనా, నీకేది ఇష్టం అని అడిగితే పాపం వాళ్ళేం చెబుతారు?

అయిదారేళ్ళ వయసులో తాము ఏం చేశారో పిల్లలకి అంతగా గుర్తుండదు. అమ్మకీ, అమ్మమ్మకీ గుర్తుంటుంది. టార్చిలైటు విప్పి మళ్ళీ బిగించాడా, చీమల బారు వెంట పెరడంతా తిరిగాడా, ఏడుపెంకులాటలో తగవొస్తే తీర్పు చెప్పేది తనేనా? కాలేజీ అప్లికేషన్ నింపేముందు ఆ సంగతులన్నీ పిల్లలకి చెప్పండి. విన్నాక ఏమంటారో వాళ్ళనే అననివ్వండి.