ఇంటి కుండలో చైనా సూపు

దంతెవాడ సీమ ఇనుమునకు పెట్టినది పేరు. 1968 నుండి బైలాడిలా కొండల ఖనిజము కిరండూలులో రైలెక్కి విశాఖపట్టణము రేవునకు చేరుచున్నది. అట్టి సీమ గల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనే రక్తమున ఇనుము చాలని తల్లులును, పిల్లలును అనేకులు కలరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆ రాష్ట్రమున 5 ఏండ్లలోపు పిల్లలలోను, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలోను నూటికి 60 మందికి పైగా రక్తహీనతతో నున్నారు. ఇనుము కొరత దీనికి ముఖ్య కారణములలో నొకటి. ఈ కొరతను తగ్గించుటలో వంటయింటికిని పాలు కలదు. అందుకు తోడ్పడు వంటలలో చైనా వారి సూపు నేర్వదగినది.

దక్షిణ చైనాలోని గువాంగ్‌డాంగ్ ప్రాంతమున ఇంటిల్లిపాదికి ఒకే కుండలో సూపు కాచి భోజనముతో వడ్డించుట చిరకాలపు వాడుక. మాంసము, ఎముకలు, దుంపలు, పప్పుధాన్యములు సన్నని సెగపై గంటల తరబడి ఉడుకును. మరుగుచున్న సూపులో గిలకొట్టిన గ్రుడ్డును సన్నని ధారగా పోయుట వారి మరియొక సులభ పద్ధతి. మన పట్టణములలో బండ్లపై అమ్ముడగు మంచౌ సూపు ఇట్టిది కాదు. అది ఈ దేశముననే రూపు దిద్దుకొన్నది. దాని చిక్కదనము చాలవరకు మొక్కజొన్న పిండిది. రుచి ఉప్పుది, సోయా సాసుది. దానిని చూచి ఇంట సూపు నేర్చిన ఖర్చు పెరుగునే గాని బలము పెరుగదు.

ఇంకొక అపోహయు తొలగవలెను. ఉడికిన పదార్థముల సారమంతయు నీటిలోనికి దిగునని పలువురు తలచుచున్నారు. రోగికి పైతేట మాత్రమే పోసి, అడుగు ముక్కలను విడిచిపెట్టు ఇండ్లు కలవు. నిజమునకు మాంసకృత్తులలో అధిక భాగము ముక్కలలోను, గింజలలోను నిలిచియుండును. ఎముకల నుండి నీటిలోనికి వచ్చు సున్నము స్వల్పమే. కావున సూపును త్రాగుటతో సరిపెట్టక, అందలి పదార్థములను తినవలెను.

ఈ విద్యకు కావలసిన సరకులు చైనా నుండి రానక్కరలేదు. బస్తరు పల్లెలలో మండియా పేజ్ అను చోడిగంజి తరతరాల ఆహారము. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. ఉలవలు, మునగాకు, తోటకూర, ఎండుచేపలు, గ్రుడ్లు వారపు సంతలలో దొరకును. పద్ధతి పొరుగుదేశముది, పదార్థము ఇంటిది అయినచో ఈ సూపు బీదయింటికిని అందును.

అయిదుగురు గల ఇంటికి 150 గ్రాముల ఉలవలను రాత్రి నానవేసి, ఉదయము మెత్తగా ఉడికించి, సగము మెదుపవలెను. అల్లము, వెల్లుల్లి, ఉల్లి, దొరికిన కాయగూరలు చేర్చి మరిగింపవలెను. రెండు చెంచాల చోడిపిండిని చన్నీట కలిపి పోసి, పచ్చివాసన పోవువరకు కలియబెట్టవలెను. గుప్పెడు మునగాకును కడపటి అయిదు నిమిషములలోనే వేయవలెను. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించిన సి విటమిను నశించును. పిమ్మట మూడు గ్రుడ్లను గిలకొట్టి ధారగా పోసి, మితముగా అయొడైజ్డ్ ఉప్పు వేసి దింపవలెను. దింపిన తరువాత నిమ్మరసము పిండిన, శాకాహారములోని ఇనుము ఒంటికి చక్కగా పట్టును. భోజనము వెంటనే తేనీరు త్రాగినచో ఆ మేలు తగ్గును. ఈ సూపు వలన ఒక్కొక్కరికి సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు లభించును.

చంటిబిడ్డల విషయమున జాగ్రత్త అవసరము. 6 నెలలు నిండువరకు తల్లిపాలు దప్ప వేరొకటి పోయరాదు. ఆ పిమ్మట పలుచని తేట పోసిన చిన్న కడుపు నిండునే గాని ఆకలి తీరదు. గరిటె నుండి జారిపోనంత చిక్కగా, ఉప్పును కారమును వేయకముందే వేరుగా తీసి మెదిపి పెట్టవలెను, తల్లిపాలను మానిపింపరాదు.

సూపు మందు కాదు. గర్భిణులు వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలను మానరాదు. ఈ సీమలో సికిల్ సెల్ వ్యాధియు కనబడుచున్నందున, నీరసము, పాలిపోవుట కానవచ్చినచో రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఈ వంట స్త్రీల పనియేయని పురుషులు తొలగియుండుట తగదు. పొలమునకు, గనికి పోవు ఇండ్లలో ఉలవలు నానవేయుట, ఆకు దూయుట ఎవరైనను చేయదగిన పనులే. వడ్డించునప్పుడు అడుగువరకు కలియబెట్టి, ఇంటి ఇల్లాలికిని, ఆడపిల్లలకును సమముగా ముక్కలు పడునట్లు చూడవలెను. కడపట మిగిలిన నీటితో తల్లి సరిపెట్టుకొను ఇంట ఎంత మంచి సూపు కాచినను ప్రయోజనము సగమే.