పైన పటారం

రెండెడ్ల బండికి గూడు కట్టుకొని తిరునాళ్ళకు పోయిన రోజులు మన పెద్దవాళ్ళు చెబితే వినే వుంటారు. అమెరికావారు ఆ గూటిలోనే పొయ్యి, పడక, స్నానాలగది అమర్చుకొని, ఎడ్లకు బదులు మోటారుకారుకు తగిలించుకొని దేశాటనం చేస్తారు. దాని పేరు ట్రైలర్. వాటిలో ఎయిర్‌స్ట్రీమ్‌ది జమీందారీ వంశం. వాలీ బైయమ్ అనే ఆయన 1936లో 'క్లిప్పర్' పేరుతో ఒక బండిని తెచ్చాడు. విమానం కట్టినట్టే పల్చటి అల్యూమినియం రేకులను రివెట్లతో కుట్టిన పని. 1969లో చంద్రయాత్ర చేసి వచ్చిన ముగ్గురినీ, రోగభయం చేత, హ్యూస్టన్ చేరేదాకా బంధించి వుంచినది ఈ బాపతు బండిలోనే!

క్రిందటి వేసవిలో ఒహాయోలో మా మేనల్లుడి ఇంట మూడు నెలలు వున్నాను. పక్కింటాయనకు డెబ్బై రెండేళ్ళు. భార్యతో పసిఫిక్ సముద్రం దాకా పోవాలని 1966 నాటి 22 అడుగుల ఎయిర్‌స్ట్రీమ్ ఒకటి కొన్నాడు. బయటికి పెళ్ళికొడుకులా వుంది. లోపల వెనక మూలన కాలు మోపితే నేల నానిన అప్పడంలా లొంగింది.

దాని నిర్మాణం చిత్రమైనది. అడుగున ఉక్కు చట్రం. దానిమీద ప్లైవుడ్ నేల. నేల అంచు చుట్టూ ఒక అల్యూమినియం పట్టె. ఆ పట్టెకు పై గుల్ల. అన్నిటినీ బిగించి బోల్టులు. నేల అంచు, గుల్లకూ చట్రానికీ నడుమ, అడకత్తెరలో పోకచెక్క అన్నమాట. కారిన నీళ్ళు మొదట తినేది దానినే. అది కుళ్ళిందా, పైదానికీ కిందిదానికీ పొత్తు చెడుతుంది; రోడ్డు కుదుపులకు దేనికది వూగుతుంది. గుల్ల ఒక్కటీ పీల, చట్రం ఒక్కటీ వంగేది, కలిస్తేనే బలం. వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక నాకది సమాసంలా తోచింది. విగ్రహం చెప్పనిదే గుట్టు తెలియదు.

కుళ్ళినమేర కోసి అతుకు వేస్తే ఆ వేసవిలోనే బయలుదేరవచ్చు. గుల్లను ఎత్తి, చట్రం బయటికి లాగి, అంతా కొత్తగా చేస్తే రెండు వేసవులు పోతాయి. డెబ్బై రెండేళ్ళవాడికి రెండు వేసవులు చిల్లర లెక్క కాదు గదా!

"అతుకేస్తే పదేళ్ళు పోతుంది మామయ్యా, ఆయనకు అంతకంటే ఏం కావాలి?" అన్నాడు మావాడు.

పక్షం రోజులు ముసలాయన తేల్చలేకపోయాడు. చివరికి ఆయన భార్యే అడుగున దూరి, స్క్రూడ్రైవరుతో చట్రాన్ని పొడిచింది. తుప్పు పెచ్చులు రాలాయి. ఒకచోట మొన అవతలికి దిగింది. "దీనిమీద నేను కొండలు దిగను" అన్నది. అంతటితో తీర్మానమైంది.

రివెట్ల తలలు డ్రిల్లుతో తొలిచి లోపలి రేకులు విప్పారు. ప్రతి రేకుకూ ఒక అంకె వేశారు. రేకుల చాటున ఎలుకల గూళ్ళు బయటపడ్డాయి. ఎత్తగానే గుల్ల విచ్చుకోకుండా లోపల కర్రలు అడ్డంగా బిగించారు. బోల్టులు కోసి, జాకీలతో అంగుళం అంగుళం లేపుతుంటే పక్కింటి పిల్లలు కూడా నోరెత్తలేదు. చట్రాన్ని చక్రాలతో సహా ముందుకు లాగేశారు. పెరట్లో దుంగల మీద ఆ గుల్ల బోర్లించిన గంగాళంలా మిగిలింది. ఖర్చు ఎంతని అడగబోతే మావాడు కళ్ళతోనే వద్దన్నాడు.

తరువాతి సంగతులు ఉత్తరాల్లో తెలిశాయి. తుప్పు రాల్చి, చెడినచోట కొత్త ఉక్కు అతికారట. నేల అంచులకు ఎపాక్సీ పూశారట. తడిలో ఉక్కూ అల్యూమినియమూ తాకితే అల్యూమినియం క్షీణిస్తుంది. అందుకని నడుమ పట్టీలు వేశారట.

ఈ మధ్య గుల్లను దించారు. ఇప్పుడు రివెట్ల పని. బయట ఆయన కొడుతుంటే, లోపల ఇనుపదిమ్మె ఆనించి పట్టేది ఆవిడేనట. ఒకరికొకరు కనబడరు. రేకుమీద ఒకసారి తడితే సరిపోయిందని, రెండుసార్లు తడితే మళ్ళీ కొట్టమని, వాళ్ళిద్దరూ పెట్టుకొన్న గుర్తు.