కార్యాలయములందు పంక్తిభేదము

మనుష్యుని యంతస్తును తెలిసికొనుటకు అతని మాటకంటె, వస్త్రముకంటె, అతడు భోజనమునకు కూర్చుండు చోటే తేటయైన గుర్తుగా మన దేశమున చిరకాలమునుండి చెల్లుచున్నది. ఎవరు పంక్తిలో కూర్చుందురు, ఎవరు వడ్డింతురు, ఎవరు వాకిట నిలిచి కడపట మిగిలినది కొనిపోవుదురు అను మూడు సంగతులు చూచినచో ఒక యూరి కట్టుబాటంతయు కన్నులకు గట్టును. ఈ భేదము సడలినదని మనము సంతోషించుచున్నాము. కాని అది నశింపలేదనియు, పల్లెనుండి కదలి కర్మాగారములలోను కార్యాలయములలోను కొత్త కాపురము పెట్టినదనియు కన్నులార చూచుచున్నాము. కావున ఈ విషయమును చదువరుల యెదుట నుంచుట విధియని తలంచితిమి.

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు బాటమీద నున్న తుర్కయాంజాల్ మొన్నటివరకు సేద్యగాండ్ర గ్రామము. ఇబ్రహీంపట్నపు ప్రాంతమున జొన్నయు వరియు కూరగాయలును పండించి నగరమున కమ్ముకొని బ్రదికిన కుటుంబములే యెక్కువ. వెలుపలి వలయ రహదారి వచ్చినది. సమీపమున ఆదిబట్లలో విమాన భాగములు తయారుచేయు కర్మాగారములును, గొప్ప సాఫ్ట్‌వేర్ సంస్థయు వెలసినవి. 2018లో తుర్కయాంజాల్ పురపాలక సంఘమాయెను, చేలు ప్లాట్లాయెను. భూములమ్మినవారి బిడ్డలును, ఆ భూములలో కూలి చేసినవారి బిడ్డలును నేడొకే బస్సెక్కి, మెడలో ఒకే తీరు గుర్తింపు బిళ్ళ వేసికొని, ఒకే ద్వారమున పనికి బోవుచున్నారు. ఇది సామాన్యమైన మార్పు కాదు. తాతలు కలలోనైన నెరుగని సమానత్వమిది. అయితే మధ్యాహ్నము భోజనవేళ యగునంతవరకే దాని యాయుష్షు.

ఆ ప్రాంతమున ఒక కార్యాలయమునకు మేము పనిమీద బోయియుంటిమి. దాని పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. అట్టివి పెక్కు గలవు. ఉద్యోగుల భోజనశాల చల్లని గాలి వీచుచు, తెల్లని బల్లలతో ముచ్చటగా నున్నది. పై యధికారులకు తలుపు గల మరియొక గది. అంతస్తులు తుడుచు స్త్రీలును, ద్వారముకడ కావలి వారును, కారు తోలువారును మాత్రము మెట్లక్రింద చీపుళ్ళు, బకెట్లుంచు చోట నేలమీద కూర్చుండి డబ్బాలు విప్పుచుండిరి. 'లోపల కుర్చీలు ఖాళీగా నున్నవి గదా' యని యడిగితిమి. 'మమ్ము రావద్దని యెవరును చెప్పలేదయ్యా. మేమే పోము. పోతే అందరు చూస్తరు' అని వారిలో పెద్దామె బదులు చెప్పెను. వద్దనినవారు లేరు, వ్రాసిన నియమము లేదు. అయినను గీత గీసియే యున్నది. చూపుతో గీసిన గీత సున్నముతో గీసిన గీతకంటె గట్టిది.

అచ్చటనే మరియొక సంగతియు తెలిసినది. రైతుబిడ్డ యొకడు, ఇంజనీరింగు చదివి మంచి జీతమున చేరినవాడు, తల్లి కట్టియిచ్చిన జొన్నరొట్టెయు తొక్కును పదిమందిలో విప్పుటకు సిగ్గుపడి, బండ్లు నిలుపు చోటికి బోయి తినివచ్చుచుండెనట. చేరిన క్రొత్తలో అన్నము చేతితో కలుపుకొని తినుచుండగా ప్రక్కబల్లవారు ఒకరినొకరు చూచుకొని నవ్విరట. అంతియే. అతనినెవరును తిట్టలేదు, కొట్టలేదు. కాని ఆనాటినుండి అతడు చెంచాతో అన్నమును, చాటున రొట్టెను తినుచున్నాడు. పంట పండించిన యింటి బిడ్డ పంటను దాచుకొని తినవలసి వచ్చుటకంటె విపరీతమేమున్నది?

చెంచాతో తినుట నాగరకత, చేతితో తినుట మోటుదనము అను భ్రమ మనకెక్కడిది? ఐరోపాలో ముల్లుచెంచా యింటింట వాడుకలోనికి వచ్చి మూడునాలుగు శతాబ్దములకంటె నెక్కువ కాలేదు. అంతకుముందు అచ్చటి ప్రభువులును వ్రేళ్ళతోనే తినిరి. జపానులో నూడుల్సును చప్పుడుచేయుచు జుర్రుట తప్పు కాదు. ఇంగ్లండులో అది తప్పు. ఇథియోపియాలో ఒకే పళ్ళెమున నలుగురు చేతులుంచి తినుట స్నేహమునకు చిహ్నము. మన యింట చేయి కడుగుకొనక కంచముముందు కూర్చున్నవాడు మోటువాడు. ఎంగిలిచేత్తో వడ్డించుకొన్నవాడు మర్యాద తెలియనివాడు. ప్రతి దేశమునకును దాని మర్యాద కలదు. మర్యాద యనగా ప్రక్కవానికి రోత గాని నొప్పి గాని కలుగకుండ తినుట. ఆ ధర్మమును పాటించుటకు చెంచా యక్కరలేదు. దానిని మీరుటకు చెంచా యడ్డమును కాదు. చెంచా పట్టుకొని ప్రక్కవాని కంచమును చూచి నవ్వినవాడే నిజముగా మర్యాద తప్పినవాడు.

ఇంతవరకు చదివి మన భూస్వాములలో పలువురు తలయూపి, 'నిజమే, ఈ కంపెనీలవారు మన పిల్లలను చిన్నచూపు చూచుచున్నారు' అందురేమో. వారినొక్క నిమిషము ఆగుమని ప్రార్థించుచున్నాము. నిన్నటిదాక మన వాకిళ్ళలో జరిగినదేమి? జీతగాడు కోడికూతవేళ లేచి నాగలి కట్టి, ప్రొద్దెక్కి వచ్చినప్పుడు అతనికి గటకయో అంబలియో పోసినదెక్కడ? పశువులకొట్టము ప్రక్కన గదా! అతని చిప్ప చూరులో చెక్కియుండెడిది. దాహమడిగిన దోసిట ఎత్తునుండి నీళ్ళు పోసితిమి గాని చెంబు చేతికీయలేదు. ఊరి హోటలులో అతనికొక గ్లాసు, మనకొక గ్లాసు. ఈ రెండు గ్లాసుల పద్ధతి తెలుగునాట ఏ మూలనో యొకచోట నుండినది కాదు. పెక్కు గ్రామములలో స్వరాజ్యము వచ్చిన యెన్నో యేండ్ల తరువాతను సాగినది. ఆనాడు జీతగాని మనసులో కలిగిన బాధయే నేడు చదువుకొన్న మన కుమారుని మనసులో కలుగుచున్నది. ఒక తరము విత్తినది మరియొక తరము కోయక తప్పదు. కావున ఈ విషయమున మనము ఫిర్యాదుదారులము మాత్రమే కాము, ముద్దాయిలము గూడ. ఆ సంగతి నొప్పుకొన్న పిమ్మటనే న్యాయమడుగ మనకధికారము కలుగును.

ఈ భేదమునకు నేడు క్రొత్త పేర్లు వచ్చినవి. కులమని యెవరును అనరు. 'గ్రేడు' అందురు, 'కాంట్రాక్టు' అందురు, 'వాసన' అందురు. 2023లో బొంబాయి ఐ.ఐ.టి. వసతిగృహపు భోజనశాలలో శాకాహారులకని కొన్ని బల్లలు వేరుచేయగా, దానిని నిరసించి ఆ బల్లకడ మాంసాహారము తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జుర్మానా విధించిరి. మాంసము తిననివారికి వంటపాత్రలు, గరిటెలు వేరుగా నుండవలెననుట న్యాయమే. వారి నియమమును గౌరవింపవలసినదే. కాని పాత్ర వేరుచేయుట యొకటి, మనిషిని వేరుచేయుట మరియొకటి. నా కంచములో నేమియుండవలెనో నిర్ణయించుకొను హక్కు నాకు కలదు. నా ప్రక్కవాని కంచములో నేమియుండవలెనో నిర్ణయించు హక్కు నాకు లేదు. ఈ రెంటికి నడుమ గీత చెరిగినచోటనే అంటరానితనము మారువేషమున లోపలికి వచ్చును.

శాసనమేమి చెప్పుచున్నది? 1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసినది. 15వ అధికరణము దుకాణములు, హోటళ్ళు, భోజనశాలలలో ప్రవేశమునకు కులమతాదులు అడ్డు రాకూడదని విధించినది. 1955 నాటి చట్టము అట్టి చోట్ల పాత్రల వాడుకను నిరాకరించుటను గూడ నేరముగా నెంచినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి మించి పనివారున్న కర్మాగారమున క్యాంటీను ఉండవలెననియు, దాని నిర్వాహక సంఘమున పనివారికి ప్రాతినిధ్యము కల్పించుటకు నియమములు చేయవచ్చుననియు చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతి ఆ సంఖ్యను నూటికి దించి, లెక్కలో కాంట్రాక్టు కార్మికులను గూడ చేర్చినది. ఈ కడపటి మాట మన విషయమున ముఖ్యమైనది. తుడుచువారును కావలివారును సాధారణముగా కాంట్రాక్టు మీదనే యుందురు. లెక్కకు వారు కావలెను గాని బల్లకు వారు వద్దనుట యే ధర్మము? అయినను శాసనము క్యాంటీను కట్టింపగలదు. అందులో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెనో చూపజాలదు. మెట్లక్రింద కూర్చున్న ఆ పెద్దామెను చేయిపట్టి లోపలికి తీసికొనిరాగల శాసనము లేదు. అది మనుష్యులు చేయవలసిన పని.

ఇది క్రొత్తగా పరదేశమునుండి తెచ్చుకొనవలసిన నీతి కాదు. తుర్కయాంజాల్ ముందునుండి బోవు ఆ బాటనే పట్టి సాగరమును, కృష్ణను దాటిపోయినచో మాచర్ల వచ్చును. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని వీరగాథ చెప్పుచున్నది. మాలకులమున బుట్టిన కన్నమదాసును కుమారునిగా జేరదీసి సేనానాయకుని చేసినవాడాతడే. కారెంపూడిలో నేటికిని ఏటేట జరుగు వీరుల యుత్సవమున చాపకూడు సాగుచున్నది. ఎనిమిది శతాబ్దములకు ముందు కత్తులు పట్టినవారు చేయగలిగిన పని, కంప్యూటర్లు పట్టినవారు చేయలేరా?

పరదేశపు నిదర్శనము కావలెనన్నను కలదు. ఇంగ్లండులో కర్మాగారములయందు పనివారికొకటి, గుమాస్తాలకొకటి, అధికారులకొకటి యని భోజనశాలలుండుట చిరకాలపు టాచారము. 1986లో సండర్లండు పట్టణమున తెరచిన నిస్సాన్ కార్ల కర్మాగారమున జపానువారు ఆ యాచారమును త్రోసివేసి, అందరికిని ఒకే భోజనశాల, ఒకే తీరు దుస్తులు పెట్టిరి. కర్మాగారము మునిగిపోలేదు, ఆ దేశమున పేరెన్నికగన్న కార్ల కర్మాగారములలో నొకటి యాయెను. మనకు భేదమును నేర్పిన దొరలే దానిని విడుచుచుండగా, మనము వారి పాత కోటును తొడిగికొని తిరుగుట హాస్యాస్పదము.

అధికారులు కొందరొక యాక్షేపణ చేయుదురు: భోజనవేళ గుట్టు మాటలు మాట్లాడుకొనవలసియుండునని, క్రిందివారు పై వారి యెదుట స్వేచ్ఛగా తినలేరని. మొదటి దానికి సమావేశపు గదులు కలవు. అన్నము తినుచోటు మంత్రాలోచనకు కాదు. రెండవది నిజమే. మొదటి దినములలో వారు జంకుదురు. కాని జంకు పోవు మార్గము కలిసి కూర్చుండుటయే గాని విడిపోవుట కాదు. పై యధికారి తన కంచము తానే తీసికొని వరుసలో నిలిచి, ఖాళీయున్న చోట కూర్చున్న నాడు, పది యుపన్యాసములు చేయని పని జరుగును.

చేయవలసినది కష్టము కాదు. కార్యాలయమునకు భోజనశాల యొక్కటియే యుండవలెను. కాంట్రాక్టు పనివారికిని అందులో అదే కంచము, అదే నీరు, అదే ధర యుండవలెను. ఇంటి డబ్బా తెచ్చుకొన్నవారికి కూర్చుండ చోటును, వేడిచేసికొను సాధనమును, చేతులు కడుగుకొనుటకు చాలినన్ని కుళాయిలును కల్పింపవలెను. తుడుచువారికి భోజనపు విరామము ఇతరులతోపాటే యీయవలెను. అందరు తిని లేచిన తరువాత బల్లలు తుడిచి, పిమ్మట తినుమనుట పాత వాకిటి పద్ధతియే. తినువారికిని విధులు కలవు. చేతులు కడుగుకొని కూర్చుండుట, ఎంగిలి బల్లమీద వదలకుండుట, కంచము తానే తీసి పెట్టుట, అన్నము పారవేయకుండుట యివి యందరికిని సమానమైన మర్యాదలు. వీనిని పాటింపనివానిని తప్పుపట్టవచ్చును, అతడు చేతితో తినినను సరే, చెంచాతో తినినను సరే.

కడపట మా భూస్వామి సోదరులతో ఒక్క మాట. భూమి యమ్మిన ధనముతో మన బిడ్డలకు మంచి చదువు చెప్పించితిమి, కార్లు కొనియిచ్చితిమి. తమ యింటి రొట్టెను పదిమందిలో తలయెత్తి తినగల ధైర్యము మాత్రము మనమీయలేకపోతిమి. ఆ ధైర్యము డబ్బుతో వచ్చునది కాదు. మన యింట పనిచేయు మనిషికి మన కంచమువంటి కంచములో, మనము కూర్చుండు చోటనే అన్నము పెట్టుట చూచి పెరిగిన బిడ్డ, రేపు కార్యాలయమున ఎవరి కంచమును చూచి నవ్వడు, ఎవరు నవ్వినను తన కంచమును దాచుకొనడు. వాకిటి పంక్తిని సరిదిద్దుకొన్న నాడే కార్యాలయపు పంక్తిని సరిదిద్దుమని గట్టిగా అడుగగలము. ఆ పని నేటి మధ్యాహ్నభోజనముతోనే ఆరంభింతురని ఆశించుచున్నాము.