పని తెలిసినవాళ్లే పండితులు

బోర్డర్ కాలీ అనే గొర్రెలకుక్క జాతి ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో కాపరుల చేతుల్లో రూపుకట్టింది. 1893లో నార్తంబర్లండులో ఆడం టెల్ఫర్ దగ్గర పుట్టిన ‘ఓల్డ్ హెంప్’ అరుపూ గోలా లేకుండా కంటిచూపుతోనే మందను మళ్లించేది. నేటి జాతి దాదాపు అంతా దాని సంతతే. కాపరులు రంగు చూళ్లేదు, చెవులు కొలవలేదు; పని చూశారు. 1906లో సొంత సంఘం పెట్టుకున్నారు. ప్రదర్శనలు జరిపే బ్రిటిష్ కెన్నెల్ క్లబ్బు దాన్ని గుర్తించింది 1976లో!

మన దగ్గరా అంతే. నడక చూసి ఎద్దు గుణం చెప్పే పాలేరు, దగ్గు విని గొర్రె రోగం పసిగట్టే కాపరి ఊరూరా ఉన్నారు. అయినా 2005 ఉపాధి హామీ చట్టం మన కష్టానికి పెట్టిన పేరు ‘నైపుణ్యం లేని’ శ్రమ. ఎవరికి లేదు నైపుణ్యం? మేం అడుగుతున్నాం. కూలిరేట్ల బేరానికి కూర్చున్నప్పుడు ముందు ఈ మాటనే కొట్టేయించాలి.