ఆసుపత్రులలో రోగుల ఆనవాలు

సర్కారు ఆసుపత్రిలో ఒక్క రాత్రి గడపినవారెల్లరు ఎఱిగిన సంగతి యొకటి కలదు. గుమ్మము దాటిన క్షణముననే రోగి తన పేరును పోగొట్టుకొనును. ఊరిలో ఆయన వెంకటేశ్వర్లుగారు. వార్డులో పదునేడవ మంచము. “పదునేడుకు ఇంజెక్షను అయినదా?” అని యొక సిస్టరు అడుగును, “అయినది” అని వేఱొకరు బదులు పలుకుదురు. ఈలోపున పదునేడవ మంచముమీది వానిని ఎక్సురేకు కొనిపోయి, ఆ మంచముమీద మఱియొకనిని పరుండబెట్టిరేని ఆ మందు ఎవనికి చేరును?

పేరుపెట్టి పిలిచినను చిక్కు పూర్తిగా తీఱదు. మన తెలుగునాట ఒకే వార్డులో ముగ్గురు సుబ్బారావులును నలుగురు లక్ష్ములును ఉండుట వింతకాదు. ఇంటిపేరును కొందఱు ముందు వ్రాయుదురు, కొందఱు పొడి అక్షరముతో సరిపెట్టుదురు, కొందఱు వదలివేయుదురు. వయస్సు అడిగినచో “ఏబదియో, అరువదియో” అందురు. చెవులు వినబడని ముదుసలి యే పేరు పిలిచినను తల యూపును. స్పృహ తప్పినవానికి అదియును లేదు. రోగిని గుర్తించుటకు కనీసము రెండు ఆనవాళ్లు చూడవలెననియు, గది సంఖ్య వానిలో నొకటి కారాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించినది. మన వార్డులలో ఆ సంఖ్యయే రాజ్యమేలుచున్నది.

ఈ చిక్కునకు ఇతర దేశములవారు ఉపయోగించుచున్న సాధనము బార్‌కోడు. 1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ట్రాయ్ అను పట్టణమునందలి దుకాణములో, చ్యూయింగ్ గమ్ పొట్లముపై ఈ గీతల గుర్తును యంత్రము మొదటిసారిగా చదివి వెల చెప్పినది. పొట్లమునకు దక్కిన ఆ నిశ్చయమైన గుర్తింపు జబ్బుపడిన మనుష్యునకు దక్కుటకు మఱి యిరువది యేండ్లు పట్టెను. అదియును వైద్య పండితుల వలన కాదు. టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో నర్సుగా నుండిన స్యూ కినిక్ అను నామె, అద్దె కారును తిరిగి అప్పగించునప్పుడు అచ్చటి పనివాడు చేతి యంత్రముతో కారుపై గుర్తును చదువుట చూచి, ఇది మా వార్డునకేల రాదని ప్రశ్నించినది. 1990 దశకము ముగియులోపలనే ఆ పద్ధతి ఆ శాఖవారి ఆసుపత్రులకెల్ల వ్యాపింపసాగినది.

పద్ధతి సులువైనది. చేర్చుకొనునప్పుడే రోగి మణికట్టునకు పేరు, వయస్సు, ఆసుపత్రి నెంబరు, గీతల గుర్తు అచ్చువేసిన పట్టీ కట్టుదురు. మందు ఇచ్చుటకు ముందు నర్సు పట్టీని ఒకసారి, మందు పొట్లమును ఒకసారి యంత్రమునకు చూపును. మనిషి, మందు, మోతాదు, ఇచ్చు విధము, వేళ వైద్యుని ఆదేశముతో సరిపోనియెడల కంప్యూటరు హెచ్చరించును. బోస్టనులోని బ్రిగమ్ ఆసుపత్రిలో జరిపి 2010లో ప్రకటించిన పరిశీలనలో, వేళ తప్పుట మినహాయించి, మందులిచ్చుటలోని పొరపాట్లు నూటికి 11.5 నుండి 6.8కి తగ్గినవి.

తగ్గినవే గాని అంతరింపలేదు. ఏలన, 2008లో ప్రకటితమైన మఱియొక పరిశోధనము ఐదు అమెరికా ఆసుపత్రులను చూచి, నర్సులు ఈ యంత్రమును తప్పించుకొను పదునైదు విధములను లెక్కించినది. రోగి పట్టీకి నకలు తీసి తలుపు ప్రక్కను, బండికిని అంటించి, దానినే యంత్రమునకు చూపుట యందొకటి. దీనికి నర్సులను దూషించుట అన్యాయము. తడిసి చిరిగిన పట్టీ, చచ్చిన బ్యాటరీ, గుర్తు లేని మందు, మీద పడుచున్న అత్యవసరము, ఇవి వారినట్లు చేయించినవి. సంపన్న దేశమున అట్లయినచో, ఒక్క నర్సు ముప్పది నలువదిమందిని చూచుకొనవలసిన మన వార్డులో ఏమగును? నర్సుల ఖాళీలు పూరింపక యంత్రములు కొనుట ఎద్దులు లేక బండి కొనుట వంటిది. పూలదండలతో ప్రారంభోత్సవము జరిపి, ఆఱు నెలలకు బీరువాలో పెట్టి తాళము వేయుట మనకు వెన్నతో పెట్టిన విద్య.

మందుల విషయమున వేఱొక అడ్డంకియు కలదు. 2023 ఆగస్టు 1 నుండి మన దేశమున మూడువందల మందుల బ్రాండ్లపై కోడు ముద్రింపవలెనని నిబంధన వచ్చినది. మంచిదే. కాని మన ఆసుపత్రులలో మాత్రల పట్టీని కత్తిరించి రెండేసి, మూడేసి పంచుదురు. అట్టి ముక్కపై కోడు మిగులదు. వైద్యుని ఆదేశము కాగితపు కేసుషీటుమీదనే యున్నచో యంత్రము దేనితో సరిచూచును?

కాబట్టి మా అభిప్రాయమున, మందులకు ముందు రక్తముతో నారంభింపవలెను. ఏ రక్తము ఎవరికి సరిపడునో 1901లో లాండ్‌స్టైనరు లోకమునకు చూపెను. నిలువ కేంద్రము ఎంత నిష్ఠతో పరీక్షించినను, పరీక్షకు తీసిన నెత్తురు గొట్టముపై వేఱొకరి పేరు పడినను, సంచి ప్రక్క మంచమునకు వ్రేలాడినను, ఆ శాస్త్రమంతయు బూడిదలో పోసిన పన్నీరే. వేఱు గ్రూపు రక్తము కొలదిగా ఎక్కినను ప్రాణాపాయము. ఇచ్చట యంత్రము చేయవలసిన పని స్వల్పము: గొట్టము, సంచి, మణికట్టు, ఈ మూడును ఒక్క మనుష్యునివే యని చూపుట. పిదప ప్రసూతి వార్డు. తల్లికిని బిడ్డకును ఒకే సంఖ్య గల పట్టీలు ప్రసవపు బల్లకడనే కట్టవలెను.

మనుష్యుని సరుకువలె గీతలతో గుర్తించుట అవమానము కాదా యని కొందఱు పెద్దలు శంకింతురు. పదునేడవ మంచమని పిలుచుటకంటె అది యవమానమా? పట్టీ యున్నంతమాత్రమున పేరడుగుట మానవలసిన పనియు లేదు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రులలో డబ్బు గలవాని మణికట్టుకు ఈ పట్టీ ఎన్నడో చేరినది. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినది. అనేక సర్కారు ఆసుపత్రులలో ఓపీ చీటీకై బీదవాడును నేడు ద్వారముకడ ఫోనుతో కోడును చదివించుచున్నాడు. ఆ సౌకర్యము వరుసను తగ్గించుటకు పనికివచ్చినది. మంచముకడ ప్రాణమును కాచుటకు ఏల రాలేదు?

సర్కారు ఆసుపత్రులకు అభివృద్ధి సంఘములు కలవు. రాబోవు సమావేశమున సభ్యులు సూపరింటెండెంటుగారిని రెండు లెక్కలడుగవలెను. గత నెలలో ఎన్ని రక్తపు సంచులు ఎక్కించిరి? వానిలో ఎన్నింటిని మంచముకడ, రోగి చేతి పట్టీతో సరిచూచి ఎక్కించిరి?