ఆన్‌లైన్ అంగడికి స్థలనిర్ణయము

ఏడాది కౌలునకు దొరకిన చేనిలో కొబ్బరితోట వేయు రైతు కోనసీమలో నుండడు. మొక్క కాపునకు వచ్చుటకే కొన్ని యేండ్లు పట్టును. వచ్చిన పిదప రెండు మూడు తరములను పోషించును. అట్టి తోటను హక్కు లేని భూమిలో పెంచుట తెలివిమాలిన పని యని చదువురానివారు సైతము చెప్పగలరు. అయినను నేడు మన సీమలో ఆన్‌లైన్ అంగడులు తెరచుచున్న వర్తకులలో పలువురు తెలియకయే యా పని చేయుచున్నారు. శ్రమించి గడించిన పేరును, కొనుగోలుదారుల పట్టికను, లెక్కలను తమ చేతిలో లేని చోట నిలుపుచున్నారు. ఈ విషయమునే నేడు పాఠకుల దృష్టికి తేదలచితిమి.

ఈ వ్యాపారము మనకు చిన్నది కాదు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. బండారులంక నేతచీరలు, అంబాజీపేట కొబ్బరి సరకులు గోదావరి పాయలు దాటి పోవలసినవే. హైదరాబాదున, గల్ఫు దేశములందు, అమెరికాలో నున్న మనవారు ఇంటి రుచి కొరకు ఇంటర్నెట్టునే వెదకుచున్నారు. వారికి కనబడు అంగడి నిజమునకు చిత్రములు, ధరలు, లెక్కలు గల దస్త్రముల కట్ట. అది రేయింబవళ్లు మేల్కొనియుండు ఒక కంప్యూటరులో, అనగా సర్వరులో, నుండవలెను. ఆ చోటును అద్దెకిచ్చుటయే వెబ్ హోస్టింగు.

అద్దెలు ముఖ్యముగా మూడు తెరగులు. ఒకే సర్వరును పెక్కు అంగడులు పంచుకొనుట మొదటిది. ఇది చవక, కాని పొరుగువాని సందడి మన గుమ్మమున కడ్డు తగులును. సర్వరులో కొంత భాగమును మనకే ప్రత్యేకించి యిచ్చు వీపీఎస్ రెండవది. దీనిని కనిపెట్టియుండుటకు తెలిసిన మనిషి కావలెను. షాపిఫై వంటి సంస్థలు కట్టి సిద్ధముచేసిన అంగడినే నెలసరి అద్దెకిచ్చుట మూడవది; ఇందు శ్రమ తక్కువ, కాని లేచిపోవునాడు సరకుల పట్టిక, కొనుగోలుదారుల పట్టిక వెంట వచ్చునే గాని అంగడి రూపు వెంట రాదు. పది రకముల పూతరేకులమ్ము కుటుంబమునకు మొదటిదో మూడవదో చాలును. వందల చీరల చిత్రములుంచి పండుగదినములలో వేలమందిని రప్పించు వర్తకుడు రెండవదానిని గూర్చి యాలోచింపవలెను.

ప్రకటనలలో పెద్ద యక్షరములతో నుండు ధర తరచుగా తొలి గడువునకు మాత్రమే. పిమ్మట నది రెండింతలు, మూడింతలగుట కలదు. కావున మూడేండ్ల మొత్తమును లెక్కగట్టి పోల్చవలెను. కొనుగోలుదారు పంపు వివరములను దారిలో నొరులు చదువకుండ కాపాడు భద్రతాపత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 నుండి ఉచితముగా నిచ్చుచున్నది. సామాన్యమైన అంగడికి దానికై వేరుగా సొమ్మడుగువానిని కారణమడుగుట న్యాయము. నూటికి 99.9 పాళ్లు అంగడి తెరచియుండునని హామీ యిత్తురు. లెక్క వేసినచో ఏటికి దాదాపు 8 గంటల 45 నిమిషములు మూతపడుట కందు చోటు కలదు. ఆ గంటలు బేరము లేని యే యాషాఢపు రాత్రియో వచ్చినచో చింత లేదు. భోగికి ముందు వచ్చినచో ఏడాది బేరమునకే దెబ్బ. అర్ధరాత్రి పిలిచిన పలుకు మనిషి గలడా యన్నది ఈ హామీకన్న ముఖ్యము.

ఇవి యన్నియు అద్దెకు సంబంధించినవి. హక్కునకు సంబంధించినది డొమైన్ పేరు. అదియే అంగడికి పట్టా. అంగడి యేర్పాటు చేయు యువకుడు సౌకర్యము కొరకు దానిని తన పేర, తన ఈమెయిలుతో నమోదు చేయును. వర్తకుడు సొమ్మిచ్చి నిశ్చింతగా నుండును. కొన్నాళ్లకు ఆ యువకుడు ఉద్యోగమునకై బెంగుళూరు పోవును. గడువు హెచ్చరికలు అతడు చూడని ఈమెయిలులో పడియుండును. రుసుము చెల్లక గడువులన్నియు దాటిన పేరు ముందుగా కోరినవాని పరమగును. అట్టపెట్టెలపై అచ్చొత్తించిన పేరు అప్పుడు పరుల అంగడికి దారి చూపును. ఇందు యువకుని దురుద్దేశ మావంతయు లేకపోవచ్చును. లోపము పట్టా చూడని యజమానిది. సెంటు భూమి కొనునపుడు ఈసీ తీయించి, లింకు దస్తావేజులు చదివించి, సరిహద్దులు కొలిపించు మనవారు ఇచట నొక్క కాగితమైన నడుగరేల?

రెండవ హక్కు నకలు. 1996 నవంబరు 6వ తేదీ తుపాను ఒక్కరాత్రిలో మన తోటల నేలగూల్చినది. ఆ దుఃఖ మెరుగని యిల్లు ఈ సీమలో నరుదు. సర్వరులకును ఆపద లున్నవి. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ సంస్థవారి సర్వరుల భవన మొకటి అగ్నికాహుతి యయ్యెను. నకళ్లు వేరొకచోట నున్నవారు కోలుకొనిరి. నకళ్లు సైతము అచటనే యున్నవారు సర్వస్వమును గోల్పోయిరి. బ్యాకప్పు తీయుట హోస్టింగు సంస్థవారి పని యని యూరకుండరాదు. వారు తీయునది వారి గాదెలో నుండును. వారమున కొకసారియైన మన గాదెకు తెచ్చుకొనవలెను. అప్పుడప్పుడు దానితో అంగడిని తిరిగి నిలిపి చూడవలెను. మొలకెత్తని విత్తనమును దాచి ప్రయోజన మేమి?

సర్వరు స్వదేశమున నుండవలదా యని కొందరడుగుదురు. ఉండుట మేలే. కొనుగోలుదారులు హైదరాబాదువారైనచో ముంబయి, హైదరాబాదులలోని సర్వరు త్వరగా బదులు పలుకును. అమెరికావారి కొరకు చిత్రముల ప్రతులను వారి చేరువ నుంచు సీడీఎన్ ఏర్పాటు కలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కొనుగోలుదారుల వివరములను కాపాడు భారమును వానిని సేకరించిన యజమానిపైననే మోపినది. సర్వరు పరులదని తప్పించుకొన వీలు లేదు. కాని సర్వరు మన దేశమున నున్నంత మాత్రమున హక్కు మనదగునా? పట్టా పరుల పేర నున్న పొలము మన యూరిలో నున్న నేమి, పొరుగూర నున్న నేమి?

మరియొక యనుభవమును మరువరాదు. జిల్లా పేరు విషయమై 2022 మే 24వ తేదీన అమలాపురమున అల్లర్లు చెలరేగిన పిమ్మట కోనసీమలో ఇంటర్నెట్టు కొన్ని దినములు నిలిపివేయబడెను. దూరపు సర్వరులలోని అంగడులు లోకమునకు తెరచియే యుండును. వచ్చిన యార్డరులను చూచు దారి యజమానికి మూసికొనిపోవును. కావున అంగడిని కొంతకాలము మూసియుంచుటకో, కొనుగోలుదారులకు జవాబు చెప్పుటకో వలయు నధికారమును జిల్లా వెలుపల నున్న నమ్మకమైన బంధువున కొకరికి ముందే యిచ్చియుండుట వివేకము.

పేద నేతగానికి, ఇంటనే పూతరేకులు చుట్టు స్త్రీకి ఈ విచారణ యంతయు భారమే. ఇచటనే సహకార సంఘములకు, వర్తక సంఘములకు పని కలదు. పదిమంది కలిసి తెలిసిన మనిషి నొకని నియమించుకొనినచో ఖర్చు పంచుకొనబడును, పేరు మాత్రము ఎవరిది వారి కుండును. ఒప్పందము తెలుగున వ్రాసికొని నాలుగు మాటలు చేర్చవలెను: పేరు యజమానిది, పాస్‌వర్డులు యజమానివి, నకలు యజమాని యింటికి రావలెను, వేరొక హోస్టింగునకు పోదలచిన అడ్డు చెప్పరాదు. దీనికి సమ్మతింపని వానియొద్ద అద్దె యెంత చవకయైనను అంగడి పెట్టరాదు.

ఇప్పటికే అంగడి తెరచినవారు రేపటి బేరమునకు ముందు డొమైన్ ఖాతా తెరచి, అది యెవరి పేర నున్నదో, గడువు తేదీ యేదో స్వయముగా చూచుకొందురు గాక.